ఒక మెదడు శాస్త్రజ్ఞురాలి జబ్బు – గ్రంథ విమర్శ

రోగులు తమ రోగాలను గురించి వ్రాసుకొన్న పుస్తకాలు ఇంగ్లీషులో కుప్పలుగా ఉన్నవి. వాటిలో అధికభాగం ధైర్యం చెప్పడానికి వ్రాసినవి. శాస్త్రవిషయం వాటిలో ఉప్పు వేసినంత. రోగి తానే శాస్త్రజ్ఞుడై ఉండి, తాను జీవితమంతా పరిశోధించిన అవయవానికే జబ్బు వచ్చి, దానినుంచి తేరుకొని వ్రాసిన పుస్తకాలను వేళ్లమీద లెక్కించవచ్చు. 2018లో అమెరికాలో వెలువడిన 'ది న్యూరోసైంటిస్ట్ హూ లాస్ట్ హర్ మైండ్' అట్టి పుస్తకం. వ్రాసినవారు బార్బరా లిప్‌స్కా. వ్రాతలో తోడుపడినవారు ఎలెయిన్ మెకార్డిల్ అనే పత్రికా రచయిత్రి. 2016లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో లిప్‌స్కా ప్రకటించిన ఒక చిన్న వ్యాసమే పెరిగి ఈ గ్రంథమయినది.

లిప్‌స్కా పోలండు దేశస్థురాలు. 1989లో అమెరికా వెళ్లి అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేశారు. పుట్టిన కొద్ది రోజులకే ఎలుకపిల్లల మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని కొంత దెబ్బతీస్తే, అవి పెద్దవైన తరువాత వాటి ప్రవర్తనలో స్కిజోఫ్రీనియాను పోలిన మార్పులు కనబడతాయని చూపిన పరిశోధనలో ఆమెకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. తరువాత ఆమె అదే సంస్థలో, మరణించినవారి మెదళ్లను పరిశోధనలకై భద్రపరచే విభాగానికి అధిపతి అయినారు. మెదడు చెడితే మనిషి ఏమవుతాడు అన్న ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. అయితే అంతవరకు జవాబులు ఎలుకలనుంచి, సీసాలలో దాచిన మెదళ్లనుంచి వచ్చినవి.

2015 జనవరిలో, 63 ఏండ్ల వయస్సున, ఆఫీసులో కంప్యూటరు మీదికి చేయి చాచినప్పుడు ఆమెకు తన కుడిచేయి కనబడలేదు. చేయి కదులుతూనే ఉన్నది; చూపులో కుడివైపు కింది భాగం మాత్రం మాయమయినది. కుడివైపు దృశ్యం మెదడులో ఎడమ అర్ధగోళం వెనుక భాగాన నమోదవుతుందని పదవ తరగతి విద్యార్థి చిత్రం గీసి చూపగలడు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో మూడు గడ్డలు కనబడినవి. ఒకటి ఆ దృష్టి కేంద్రంలోనే ఉండి, రక్తం కారుతున్నది. కొన్ని ఏండ్ల కిందట చెవి వెనుక పుట్టగా కోసి తీసివేసిన మెలనోమా అనే చర్మకాన్సరు మెదడుకు ఎక్కినది. ఆమె మొదటి భర్త కూడా 1985లో మెలనోమాతోనే మరణించారు. అందువల్ల ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయినది.

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దానిని తయారుచేసే కణాలు అదుపు తప్పి పెరగడమే మెలనోమా. ఆరంభంలో పసిగట్టి కోసివేస్తే చాలామందికి అంతటితో పోతుంది. శరీరంలో ఇతర అవయవాలకు పాకిన తరువాత 2011కు పూర్వం వైద్యుల చేతిలో గట్టి ఆయుధం లేదు. రోగులలో సగంమంది ఏడాది తిరగకుండానే పోయేవారు. ఆ 2011లోనే ఇపిలిముమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి లభించినది. 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే మరి రెండు వచ్చినవి. ఈ మందులు కాన్సరు కణాన్ని తాకవు. మన రక్తంలోని టి-కణాలు అనే కాపలావారిని వదలిపెడతాయి.

ఈ సంగతి కొంచెం వివరించాలి. ఎందుకంటే నేను చేయబోయే ఫిర్యాదు దీనిమీద ఆధారపడి ఉన్నది. టి-కణం పరాయి వస్తువును గుర్తించినంత మాత్రాన దాడికి దిగదు. దానికి రెండవ సంకేతం ఒకటి అందాలి. ఆ దాడి హద్దు మీరకుండా టి-కణం ఉపరితలంమీదనే అడ్డుకొనే అణువులు ఉన్నవి. సి.టి.ఎల్.ఎ.-4 అనేది రెండవ సంకేతాన్ని తానే చేజిక్కించుకొని దాడిని మొదట్లోనే ఆపుతుంది. పి.డి.-1 అనేది దాడి జరుగుతున్న చోటనే టి-కణాన్ని చల్లబరుస్తుంది. కాన్సరు కణాలు ఈ రెండవదానిని తెలివిగా వాడుకొంటాయి. మొదటి అడ్డును తొలగిస్తే ఎలుకలలో గడ్డలు కరగిపోతాయని జేమ్స్ ఆలిసన్ బృందం 1996లో చూపినది. రెండవదానిని 1992లో కనుగొన్నది జపానులో తసుకు హోంజో బృందం. ఈ ఇద్దరికి 2018లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చినది.

దీనిని 'బ్రేకు తీసివేయడం' అని అన్ని పుస్తకాలలోను వ్రాస్తున్నారు. ఉపమానం తప్పు కాదు గాని, బ్రేకు తీసిన కారుకు చోదకుడు ఒకడు ఉంటాడు. ఇక్కడ ఎవరూ లేరు. పగ్గం విప్పిన ఎద్దు చేనులోని కలుపు మాత్రమే మేసి, పైరును ముట్టకుండా ఉంటుందా? టి-కణాలు పేగులమీద పడితే విరేచనాలు, కాలేయంమీద పడితే కామెర్లు, థైరాయిడు మీద పడితే జీవితాంతం మాత్రలు. పీయూషగ్రంథి దెబ్బతినవచ్చు, ఊపిరితిత్తులు వాయవచ్చు. రెండు మందులు కలిపి ఇచ్చినప్పుడు నూటికి 50 మందికి పైగా తీవ్రమైన దుష్ఫలితాలు కనబడినవి. లిప్‌స్కా తీసుకొన్నది ఆ రెండు మందుల కలయికనే. శస్త్రచికిత్స, రేడియేషను అయిన తరువాత ఒక ప్రయోగాత్మక చికిత్సలో చేరి, ఇపిలిముమాబ్, నివోలుమాబ్ ఎక్కించుకొన్నారు.

ఆ చికిత్స నడుస్తున్న రోజులలోనే, 2015 వేసవిలో, అసలు కథ మొదలవుతుంది. తలకు రంగు పూసుకొని, మీద ప్లాస్టిక్ సంచి కట్టుకొని, ఆమె పరుగుకు బయలుదేరారు. రంగు మెడమీదికి కారుతున్నది, ఆమెకు పట్టలేదు. ఏండ్ల తరబడి తిరిగిన వీధులలోనే దారి తప్పారు. ఇంట్లో వారిమీద, మనుమలమీద కూడా కసురుకొన్నారు. పిజ్జా తిని, ఇది ప్లాస్టిక్కుతో చేసినదని అన్నారు. ఇంటివారికి ఏదో తేడా తెలుస్తున్నది గాని, మొదటినుంచి పట్టుదల మనిషి, ఇప్పుడు జబ్బు మనిషి, చిరాకు సహజమే అనుకొన్నారు. చివరకు తీసిన చిత్రంలో మెదడు నిండా పదిహేనుకు పైగా కొత్త గడ్డలు, విపరీతమైన వాపు కనబడినవి.

ఈ ప్రకరణాలలో గ్రంథకర్త్రి సాధించిన దానిని తక్కువ చేసి చెప్పరాదు. మతి చలించినవారిని బయటినుంచి చూచి వర్ణించినవారు అనేకులు. లోపలినుంచి చూస్తే అది ఎట్లు ఉంటుందో ఆమె చెప్పగలిగారు. దాని సారం ఏమంటే, లోపలినుంచి చూస్తే ఏమీ ఉండదు. అంతా సక్రమంగానే ఉన్నట్లు తోస్తుంది. చుట్టూ ఉన్నవారే వింతగా ప్రవర్తిస్తున్నట్లు కనిపిస్తుంది. తన జబ్బు తనకు తెలియకపోవడం కూడా జబ్బులో ఒక భాగమేనని ఆమె జీవితమంతా చదివారు, ఇతరులకు బోధించారు. ఆ జ్ఞానం ఆమెకు ఒక్క రోజయినా అక్కరకు రాలేదు. తప్పును గుర్తించవలసిన యంత్రమే చెడినప్పుడు, ఆ యంత్రాన్ని గురించిన పాండిత్యం ఎంత ఉండి ఏమి లాభం? కాలు విరిగినవాడికి తన కాలు విరిగినదని తెలుస్తుంది. వివేకం విరిగినవాడికి ఆ సదుపాయం లేదు. మానసిక రోగులు మొండికేస్తున్నారనీ, మాట వినడం లేదనీ విసుగుకొనే బంధువులందరు ఈ భాగం చదవాలి.

అయితే ఇక్కడనే మొదటి చిక్కు. ఆ రెండు నెలల సంగతులు మనకు చెప్పుతున్నది ఎవరు? అప్పుడు ఆమె పరిస్థితి సాక్ష్యమివ్వగల పరిస్థితి కాదు. కుటుంబంలోనివారు చెప్పినది, డాక్టర్ల రికార్డులలో ఉన్నది, ఆమెకు మిగిలిన జ్ఞాపకం, ఈ మూడింటిని అల్లి చేసిన కథ ఇది. అల్లడంలో దోషం లేదు. కాని ఏ పోగు ఏ కండెనుంచి వచ్చినదో చాలచోట్ల చెప్పకుండా, అంతా 'నేను' అనే ఒక్క గొంతుతోనే నడిపించారు. కథగా చదివేవారికి ఇది హాయి. రోగి నోటిమాటకు ఎంత విలువ ఇవ్వవచ్చునో విచారించవలసిన శాస్త్రపాఠకుడికి మాత్రం ఇబ్బంది. ప్రయోగశాల పుస్తకంలో ఇట్లు వ్రాసిన విద్యార్థిని ఆమే మందలించేవారని నా ఊహ.

రెండవది, ప్రవర్తనలోని ఒక్కొక్క లోపానికి మెదడులో ఒక్కొక్క చోటు చూపే అలవాటు. కోపం అణచుకోలేకపోవడం లలాట లంబిక దెబ్బతినడంవల్ల. దారి తప్పడం, లెక్క కట్టలేకపోవడం కుడ్య లంబికవల్ల. ఇట్లు సాగుతుంది వివరణ. లలాట లంబిక తెగిన మనిషి స్వభావం మారుతుందని శాస్త్రం ఎరిగినదే. కాని మెదడు నలుమూలలా గడ్డలు, వాటిని మించిన వాపు ఉన్నప్పుడు, ఈ పని ఈ గడ్డదే అని చెప్పడం ఊరంతా వరదలో మునిగినప్పుడు మా ఇంటి గోడ ఫలానా అలవల్ల కూలినది అనడం వంటిది. దేనివల్ల ఏది కలిగినదో రూఢిగా చెప్పలేమని ఆమెయే ఒకచోట ఒప్పుకొన్నారు. ఒప్పుకొన్న తరువాత కూడా వేలు పెట్టి చూపడం మానలేదు. ఈ ప్రకరణాలు తరగతిలో చదివి వినిపించే ఉపాధ్యాయులు ఆ ఒప్పుకోలును ముందు చదివి, తక్కినది తరువాత చదవడం మంచిది.

నాకు అన్నింటికంటె పెద్దలోపంగా తోచినది వేరు. ఆ వాపు ఎందుకు వచ్చినది? గడ్డలు పెరిగినందువల్ల వచ్చి ఉండవచ్చు. మందువల్ల మేల్కొన్న టి-కణాలు గడ్డల చుట్టూ మూగినందువల్ల కూడా వచ్చి ఉండవచ్చు. రోగనిరోధక చికిత్సలో గడ్డ కరిగేముందు కొన్నిసార్లు ఉబ్బుతుంది. చిత్రంలో చూస్తే రోగం ముదిరినట్లే ఉంటుంది. నిజానికి చికిత్స పనిచేస్తూ ఉండవచ్చు. కడుపులో అయితే ఆ ఉబ్బును కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. ఎముకపెట్టెలో బిగించిన మెదడుకు ఉబ్బడానికి చోటు లేదు. అప్పుడు వాపు తగ్గడానికి స్టీరాయిడ్లు ఇవ్వక తప్పదు. అవి ఇస్తే, ఎంతో ఖర్చుపెట్టి మేల్కొలిపిన టి-కణాలను మళ్లీ జోకొట్టినట్లు అవుతుంది. మెలనోమా మెదడుకు చేరిన రోగులు, వారి వైద్యులు దినదినమూ ఎదుర్కొనే సంకటం ఇదే. మతి పోయిన శాస్త్రజ్ఞురాలి కథకంటె ఇది తక్కువ నాటకీయమైనది కాదు. ఈ పుస్తకంలో దాని ప్రస్తావన ఉన్నది, చర్చ చాలదు. మెదడును గురించి పుటలు పుటలు విప్పి చెప్పిన గ్రంథకర్త్రి, తన ప్రాణానికి పూచీపడిన రోగనిరోధక వ్యవస్థను గురించి వచ్చేసరికి సామాన్య రోగివలె రెండు ముక్కలలో దాటిపోయారు. తన శాస్త్రం దాటి బయట అడుగుపెట్టకూడదన్న వినయం కావచ్చు. పాఠకుడికి నష్టమే.

ఈ నష్టంవల్ల మరొక చిక్కు వచ్చి పడుతుంది. ఆమెను బ్రతికించినది ఏది? శస్త్రచికిత్స ఒక గడ్డను తీసినది. రేడియేషను కొన్నింటిని కాల్చినది. రోగనిరోధక చికిత్స సగంలో ఆగినది. తరువాత మెలనోమా కణాలలో ఉండే ఒక జన్యులోపాన్ని గురిపెట్టే మాత్రలు ఇచ్చారు. ఇన్నింటి పిమ్మట గడ్డలు తగ్గినవి, వాపు దిగినది, మతి తిరిగి వచ్చినది. పుస్తకం మూసిన పాఠకుడు 'ఇమ్యునోథెరపీ మహిమ' అంటాడు. నాలుగు మందులు తిన్న రోగికి నయమయితే నాలుగవదే నయం చేసినదనో, మొదటిదే చేసినదనో తీర్పు చెప్పడానికి ఒక్క రోగి చాలడు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు విషయంలోను ఇదే జరిగినది. అదే 2015లో ఆయన కాలేయంలో, మెదడులో మెలనోమా బయటపడినది. శస్త్రచికిత్స చేసి, రేడియేషను ఇచ్చి, పెంబ్రోలిజుమాబ్ ఎక్కించారు. ఆ డిసెంబరులోనే కాన్సరు జాడ లేదని ఆయన ప్రకటించారు. నూరేండ్లు నిండి 2024 డిసెంబరులో మరణించారు. లోకమంతా మందు పేరును మాత్రమే గుర్తుపెట్టుకొన్నది.

తీర్పు చెప్పగలిగినవి పెద్ద పరీక్షలు. 945 మంది రోగులను మూడు జట్లుగా విభజించి పదేండ్లు గమనించిన ఒక పరీక్ష ఫలితాలు 2024లో వెలువడినవి. రెండు మందులు కలిపి పుచ్చుకొన్నవారిలో నూటికి 43 మంది, నివోలుమాబ్ ఒక్కటే పుచ్చుకొన్నవారిలో 37 మంది, ఇపిలిముమాబ్ ఒక్కటే పుచ్చుకొన్నవారిలో 19 మంది పదేండ్ల తరువాత జీవించి ఉన్నారు. ఒకప్పుడు ఏడాది గడవడమే గగనమయిన రోగంలో ఇది ఊహకందని సంగతి. అయినా మెదడులో గడ్డలు చురుకుగా ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చుకొననే లేదు. లిప్‌స్కావంటివారికి ఆ అంకెలు వర్తించవు. మెదడులో గడ్డలుండి, వాటివల్ల ఇంకా బాధలు కనబడని రోగులకు ఈ రెండు మందులు ఇచ్చి చూచిన మరొక పరీక్ష 2018లో ప్రకటితమయినది. అందులో 57 శాతం మందికి మెదడులోని గడ్డలు కుంచించుకుపోవడమో, ఆరు నెలలవరకు పెరగకుండా నిలవడమో జరిగినది. పుస్తకం అచ్చయిన కొద్ది నెలలకు వచ్చిన ఫలితం కనుక అది లేదని తప్పుపట్టలేము.

పదేండ్లు బ్రతికిన 43 మంది పుస్తకాలు వ్రాయగలరు. తక్కిన 57 మంది వ్రాయలేరు. ఈ సంగతి మరువని పుస్తకం ఒకటి 2016లో వచ్చినది. మేరీ ఎలిజబెత్ విలియమ్స్ అనే పత్రికా రచయిత్రి వ్రాసిన 'ఎ సీరీస్ ఆఫ్ కటాస్ట్రఫీస్ అండ్ మిరకిల్స్'. ఆమె 2011లో న్యూయార్కులో ఈ రెండు మందుల కలయికను తొలిగా పరీక్షించినప్పుడు చేరిన రోగులలో ఒకరు. మూడు నెలలకే గడ్డల జాడ లేకుండా పోయినది. అదే కాలంలో అండాశయ కాన్సరుతో బాధపడిన స్నేహితురాలి కథను తన కథ పక్కనే నడిపారు. ఆ స్నేహితురాలు బ్రతకలేదు. విలియమ్స్ శాస్త్రజ్ఞురాలు కాదు. అయినా రోగనిరోధక చికిత్స ఎట్లు పుట్టినదో, పరీక్షలో చేరడమంటే ఏమిటో, ఒక స్కానుకూ మరొక స్కానుకూ మధ్య రోజులు ఎట్లు గడుస్తాయో తెలుసుకోవాలంటే ఆమె పుస్తకమే మేలు. పిల్లల బడి, ఇంటి అద్దె, వంట, మధ్యలో మందు ఎక్కించుకొనే రోజు: ముదిరిన జబ్బుతో బ్రతకడమంటే ఎక్కువగా ఇదే. లిప్‌స్కా పుస్తకంలో పరుగుపందేలు, మంచుకొండలమీద జారుడు క్రీడలు ఎక్కువ. ఆమె దేహదారుఢ్యం మెచ్చదగినదే కాని, వ్యాయామం చేసేవారే గెలుస్తారన్న భ్రమ కొందరు పాఠకులకు కలుగవచ్చు.

ఈ రెండు పుస్తకాలలోను నేను ఆశించినంత చర్చ దొరకని విషయం ఒకటి ఉన్నది. మెలనోమా చికిత్స ఫలిస్తున్నవారిలో కొందరికి చర్మంమీద తెల్లమచ్చలు, అనగా బొల్లి వస్తుంది. కారణం విద్యార్థులు కూడా ఊహించగలరు. మెలనోమా కణం రంగునిచ్చే కణానికి పుట్టిన దుష్టసంతానం. రెంటిమీద కొన్ని గుర్తులు ఒకటే. టి-కణాలు ఆ గుర్తు చూచి రెండింటిని కొడతాయి. అందువల్ల వైద్యుడు ఆ మచ్చను చూచి సంతోషిస్తాడు, చికిత్స పట్టినదని. మన ఊళ్లలో బొల్లి వచ్చిన పిల్లకు పెండ్లి కుదరదు. ఒకే మచ్చ ఒకచోట శుభం, మరొకచోట అశుభం. రోగనిరోధక శక్తి స్వపరభేదం ఎరుగదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకాలలో లేదు.

మన దేశంలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు పాశ్చాత్యులకువలె ఎండ తగిలే చోట కాక, అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందనో రావడం ఎక్కువ. దానికి ఎండతో సంబంధం లేదు. అరికాలి నల్లమచ్చను ముల్లు గుచ్చుకొన్న గుర్తనో, దెబ్బ కమిలినదనో వదలివేయడం, ముదిరిన తరువాత ఆసుపత్రికి రావడం జరుగుతున్నది. ఈ రకానికి రోగనిరోధక చికిత్స అంతగా లొంగడం లేదు కూడా. ఇక మందు ధర సంగతి. మన పాఠకుడు మొదట అడిగే ప్రశ్న అదే. అమెరికా పుస్తకంలో దానికి జవాబు వెదకడం వృథా. జవాబు కొంత బొంబాయిలో దొరుకుతుంది. టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ముదిరిన తల, మెడ కాన్సరు రోగులకు నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదోవంతుకంటె తక్కువగా, మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల చొప్పున, చవుక మందులతో కలిపి ఇచ్చారు. ఏడాదికి జీవించి ఉన్నవారు 16 శాతంనుంచి 43 శాతానికి పెరిగినట్లు 2022లో ప్రకటించారు. మెలనోమాకు ఇది వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు. కాని మోతాదు ఎంత ఉండాలన్నది కంపెనీలు ఒకసారి నిర్ణయించి ముగించిన ప్రశ్న కాదని తేలినది.

లిప్‌స్కా పుస్తకాన్ని ఎవరయినా తెనిగించదలచితే పేరు దగ్గరనే ఆగవలసి వస్తుంది. ఇంగ్లీషులో 'మైండ్' అనే ఒక్క మాటకు మనకు మనస్సు, బుద్ధి, చిత్తం, మతి అని నాలుగు మాటలున్నవి. ఆమె పోగొట్టుకొన్నది జ్ఞాపకం కాదు, మాట కాదు, పట్టుదల అంతకన్నా కాదు. మంచిచెడులు తూచే బుద్ధి ఒక్కటే పోయినది. 'బుద్ధి తప్పిన' అంటే తెలుగులో నీతికి సంబంధించిన నింద అవుతుంది. 'మతి తప్పిన' అంటే పిచ్చి అవుతుంది. మెదడు వాస్తే మంచితనం కూడా పోతుందని చెప్పే పుస్తకానికి ఆ రెండు అర్థాలు మోసే పేరు కావాలి. అది దొరికిన తరువాత, టి-కణాలను గురించి పది పుటల అనుబంధం ఒకటి చేర్చితే మన ఉన్నత పాఠశాలల గ్రంథాలయాలకు పనికివచ్చే పుస్తకమవుతుంది.